డిసెంబరులో కోతలు, క్యారల్స్, సెమీ క్రిస్మస్‌లు: పనికి వెళ్లేవారు నలగకుండా సంఘం పండుగను ఎలా జరుపుకోవాలి?

అడిగినవారు: డెల్టా కార్యదర్శి, నవంబరు 12

అందరికీ వందనాలు. తెనాలికీ రేపల్లెకూ మధ్య ఉన్న ఒక పల్లెలో మా లూథరన్ సంఘానికి రెండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. మా సంఘంలో సుమారు 140 కుటుంబాలు ఉన్నాయి. వారిలో సగానికి పైగా వ్యవసాయ కూలీలు, కౌలు రైతులు. మిగిలినవారిలో ఉపాధ్యాయులు, నర్సులు, తాపీ పనివారు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తూ పండుగకు మాత్రమే ఊరికి వచ్చే పిల్లలు ఉన్నారు. ఈ సంవత్సరం ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు ఎదురుచూసే వారాలు) నవంబరు 30, ఆదివారం నాడు మొదలవుతుంది. క్రిస్మస్ గురువారం వచ్చింది. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దల కమిటీ కూర్చుని డిసెంబరు కార్యక్రమాలను ఖరారు చేయవలసి ఉంది. ఆ లోపల అనుభవం ఉన్నవారి సలహా తీసుకుందామని ఇది రాస్తున్నాను.

మా ప్రాంతంలో డిసెంబరు క్రిస్మస్ నెల మాత్రమే కాదు, వరి కోతల నెల కూడా. కోత మిషన్లు వచ్చాక చేతి కోతలు తగ్గిన మాట నిజమే కానీ, తడి ఆరని చేలలోనూ గాలికి పడిపోయిన పైరులోనూ మిషను దిగదు. అక్కడ కొడవలే గతి. కోసిన పనలను ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, ధాన్యాన్ని బస్తాలకెత్తేదాకా ఎవరి కన్నూ ఆకాశం మీద నుంచి దిగదు. ఆడవారు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, వండి, క్యారేజీ కట్టుకుని ఐదున్నరకు ఆటో ఎక్కితే, మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాల వేళ దాటిపోతుంది.

అదే నెలలో మా సంఘం పెట్టుకున్న పనులు చూడండి. సండే స్కూలు పిల్లల సెమీ క్రిస్మస్ (25కు ముందే జరుపుకునే క్రిస్మస్ కూడిక) ఒకటి, స్త్రీల సమాజం వారిది ఒకటి, యవనస్థులది ఒకటి, అన్నిటినీ కలిపి సంఘమంతటిదీ మరొకటి. చుట్టుపక్కల సంఘాలవారు పిలిచినవాటికి వెళ్లకపోతే వారు మన దానికి రారు కాబట్టి అవి ఇంకో మూడు నాలుగు. మండల కేంద్రంలో నాయకులు జరిపించే సెమీ క్రిస్మస్‌కు బస్సు వస్తుంది. ఎక్కకపోతే ఒక చిక్కు, ఎక్కితే ఒక చిక్కు. వీటి మధ్య దాదాపు రెండు వారాల పాటు ప్రతి రాత్రీ ఇంటింటికీ వెళ్లి పాడే క్యారల్స్ ఉంటాయి. కుర్రవాళ్లు తొమ్మిదికి గానీ పోగవరు. సౌండు బాక్సులను ట్రాలీ ఆటోలో ఎక్కించి బయలుదేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, చివరి ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి.

గత సంవత్సరం జరిగిన ఒక సంగతి నన్ను ఇంకా వదలడం లేదు. రాత్రి 11:40 ప్రాంతంలో పడమటి వీధి చివరి ఇంటికి వెళ్లాము. ఆ ఇంటావిడ పగలంతా కుప్ప వేసి వచ్చింది. అయినా పళ్లెంలో అరటిపళ్లు, బిస్కెట్లు సర్దిపెట్టి, కానుక కవరు చేతిలో పట్టుకుని గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని మా కోసం ఎదురుచూస్తోంది. రెండో చరణం అందుకునేసరికి తల గోడకు ఆనించి నిద్రపోయింది. కవరు చేతిలోనే ఉంది. వేళ్ల మీద వరిగడ్డి గీసిన సన్నని గీతలు మా లైటు వెలుగులో ఎర్రగా కనబడుతున్నాయి. డప్పు వాయించే పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే చేయి ఆపాడు. మేము గొంతు తగ్గించి ప్రార్థన చేసి వచ్చేశాము. మర్నాడు ఆమె నన్ను కాలువ గట్టు మీద ఆపి, తన కానుక ఎందుకు తీసుకోలేదని నిలదీసింది. జవాబు చెప్పలేకపోయాను.

క్యారల్స్ తగ్గిద్దామంటే డబ్బు చిక్కు వస్తుంది. 25వ తేదీ మధ్యాహ్నం ప్రేమ విందుకు, పందిరికి, పిల్లల బహుమతులకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం క్యారల్స్‌లో వచ్చే కానుకల నుంచే వస్తుంది. సెమీ క్రిస్మస్‌లు తగ్గిద్దామంటే ఏ వర్గం వారూ తమది మానుకోవడానికి ఒప్పుకోరు. మీ సంఘాలలో దీన్ని ఎలా సర్దుబాటు చేసుకున్నారో, ఏది ఫలించిందో, ఏది బెడిసికొట్టిందో దయచేసి వివరంగా రాయండి.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

కార్యదర్శి గారికి వందనాలు. కార్యక్రమాలు ఎక్కువయ్యాయని మీరు అంటున్నారు. వాటినన్నిటినీ 25వ తేదీకి ముందే కుక్కుతున్నామని నేను అంటాను. ఈ రెండూ ఒకటి కావు.

మన ఆరాధన క్రమం ప్రకారం క్రిస్మస్‌కు ముందున్న నాలుగు ఆదివారాలు ఎదురుచూపు దినాలు. బల్ల మీద ఊదా వస్త్రం పరిచేది అందుకే. అసలు పండుగ 25న మొదలై పన్నెండు రోజులు నడుస్తుంది. ఆ తర్వాత జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు శిశువును దర్శించిన సంగతిని తలచుకునే ప్రత్యక్షత పండుగ వస్తుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో డోర్నకల్‌లో కట్టి 1939లో ప్రతిష్ఠించిన కథెడ్రల్‌కు (బిషప్ ప్రధాన మందిరానికి) ఎపిఫనీ అని పేరు పెట్టింది ఈ పండుగను బట్టే. మనం మాత్రం డిసెంబరు మొదటి వారంలోనే కేకు కోసి, 26వ తేదీకి అలసి పడుకుంటున్నాము. మీ నాలుగు సెమీ క్రిస్మస్‌లలో కనీసం రెండింటిని 27కూ జనవరి 6కూ మధ్యకు జరిపితే పంచాంగానికి పంచాంగం నిలుస్తుంది, కోతలకు కోతలు నడుస్తాయి. నెలాఖరుకు మీ వైపు కుప్పలు చాలావరకు పడి ఉంటాయి, సంక్రాంతి హడావిడి ఇంకా మొదలై ఉండదు. అప్పుడు ఆ కూడికను సెమీ అని పిలవవలసిన అవసరమూ ఉండదు.

ఇంకొక మాట. లూథరన్ మిషనరీ హేయర్ గారు అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి బయలుదేరి 1842 జులై 31న గుంటూరు చేరారు. ఆయన వచ్చిన చోట డిసెంబరులో పొలం మంచు కింద పడి ఉంటుంది, రైతుకు అంతకన్నా తీరిక నెల లేదు. ఆ తీరికలో పుట్టిన అలవాట్లను మనం ఊపిరి సలపని నెలలోకి తెచ్చుకున్నాము. అక్కడి లెక్క ఇక్కడ సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు, మార్చుకోవడంలో తప్పూ లేదు.

ఇక క్యారల్స్ విషయం. నా చిన్నతనంలో, 1960లలో, మా నాన్నగారి ఊళ్లో క్యారల్స్ అంటే ఒక పెట్రోమాక్స్ లైటు, ఒక హార్మోనియం, ఒక డోలు. హార్మోనియాన్ని మెడకు కట్టుకున్నాయన ఎంత నడవగలిగితే అంతే ఆ రాత్రి క్యారల్స్. ఇంట్లో ముసలివారు మంచం మీద పడుకునే పాట అందుకునేవారు, తలుపు తీయడం కూడా తప్పనిసరి కాదు. ఇవాళ మీ కుర్రవాళ్లను అర్ధరాత్రి దాకా తిప్పుతున్నది ఆ సౌండు బాక్సులేనని నా అనుమానం. బాక్సులు ఉంటే ఆటో కావాలి, ఆటోకు దారి కావాలి, ప్రతి ఇంటి ముందూ తీగలు కలిపి విప్పాలి. ఒక్కసారి అవి లేకుండా వెళ్లి, ఇంటికి ఎన్ని నిమిషాలు పడుతున్నదో గడియారం పెట్టి చూడండి.

పైగా శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగల పేరిట అర్ధరాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది సంవత్సరం మొత్తం మీద 15 రోజులకు మించకూడదు. కనుక మీ రెండు వారాల మైకు అనుమతి లేకుండానే నడుస్తున్నదేమో ముందు చూసుకోండి. ఎవరూ ఫిర్యాదు చేయడం లేదన్నది వేరే సంగతి. అది ఇరుగుపొరుగు వారి మంచితనం.

జవాబు 2: మెదకు వాసి

ఉపాధ్యాయులు గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తూ, మా వైపు అనుభవం ఒకటి చెబుతాను. మాది మెదకు డయాసిస్ (బిషప్ పరిధి)లోని ఒక చిన్న గ్రామ సంఘం, కథెడ్రల్‌కు ముప్పై కిలోమీటర్ల లోపే. ఆ కథెడ్రల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. కరవు కాలంలో మిషనరీ పాస్నెట్ దొరగారు దానిని కట్టించడం మొదలుపెట్టి, పనికి వచ్చినవారికి తిండి గడిచేటట్లు చూశారు. పదేళ్ల నిర్మాణం తర్వాత 1924లో సరిగ్గా డిసెంబరు 25నాడే ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం దూరం నుంచే కనబడుతుంది. క్రిస్మస్ నాడు ఇంకా చీకటి ఉండగానే తొలి ఆరాధన మొదలవుతుంది. రంగుటద్దాల కిటికీలలో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రాలు ఆ వేళకు నల్లగా ఉండి, తెల్లవారేకొద్దీ ఒక్కొక్క రంగూ విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అదే పండుగ. క్రైస్తవులు కానివారు కూడా వేల సంఖ్యలో వస్తారు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్లు మా ఊళ్లో 24 రాత్రి ప్రతి ఒక్కరూ డీసీఎం బండి ఎక్కి మెదకు వెళ్లేవారు, మా ఊరి మందిరానికి క్రిస్మస్ నాడు తాళం వేసి ఉండేది. నడవలేని ముసలివారు, పసిపిల్లల తల్లులు, కొనుగోలు కేంద్రంలో తూకం రాక వడ్ల కుప్పల దగ్గర కావలి పడుకున్నవారు, వీరందరికీ ఆ రోజు ఆరాధనే ఉండేది కాదు. మా వైపు వానాకాలం వరి కోత ముందే అయిపోయినా, ఐకేపీ కొనుగోలు కేంద్రం ముందు కుప్ప పోసి వంతు కోసం కూర్చోవడం డిసెంబరు దాకా సాగుతుంది. పత్తి తీత ఇంకో పక్క, యాసంగి నార్లు పోయడం మరో పక్క.

నాలుగేళ్ల క్రితం మేము చేసిన మార్పు చిన్నది. 24వ తేదీ సాయంత్రం 6 గంటలకు, బండి బయలుదేరక ముందే, మా మందిరంలోనే ఆరాధన జరుపుకుంటున్నాము. మా పాస్టరు గారికి నాలుగు గ్రామాలు ఉండడంతో ఆయన రాలేకపోతే సంఘ పెద్దే వాక్యం చదివి ప్రార్థన చేస్తాడు. మెదకు వెళ్లేవారు ఆ తర్వాత వెళతారు. కొనుగోలు కేంద్రం దగ్గర ఉన్నవారి కోసం ఇద్దరు యవనస్థులు కుప్పల కాపలాకు గంటసేపు కూర్చుంటారు. ఆ కాపలా కాసినవారిలో ఒకడు పోయిన సంవత్సరం, తానూ ఆరాధనలో లేకుండా పోయానని గొణిగాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఈసారి కుప్పల దగ్గరే ఒక పాట పాడి ప్రార్థన చేసుకుని రావాలని అనుకుంటున్నాము.

బెడిసికొట్టినదీ చెప్పమన్నారు. ఒక సంవత్సరం సెమీ క్రిస్మస్‌ను జనవరికి జరిపాము. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు 26 సాయంత్రానికే తిరుగు బస్సు ఎక్కేశారు. వారు లేక నాటిక లేదు, పాటలూ లేవు. కనుక ఉపాధ్యాయులు గారు చెప్పిన పన్నెండు రోజుల లెక్క పుస్తకంలో ఉన్నంత సులభం కాదు. ఎవరు ఎప్పుడు ఊళ్లో ఉంటారో ముందు కనుక్కోండి.

జవాబు 3: కువైట్ నుంచి ఒక నర్సు

మాది కోనసీమ. పదకొండేళ్లుగా కువైట్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారపు ఆరాధనే శుక్రవారానికి మారింది. కువైట్ సిటీలోని ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు అవే గదులను గంటల చొప్పున పంచుకుని వాడుకుంటాయి. ఒక గదిలో మా తెలుగు పాట ముగియక ముందే తలుపు బయట మరో భాషవారు చెప్పులు విప్పుతూ ఉంటారు. క్రిస్మస్ నాడు సెలవు ఉండదు. నా డ్యూటీ రాత్రి 7కు ముగిస్తే తొమ్మిదికి ఆరాధన. ఆయాలుగా ఇళ్లలో పనిచేసే అక్కలకు ఆ వేళకు కూడా బయటికి వచ్చే వీలుండదు. వారు మరుసటి శుక్రవారం వచ్చినప్పుడు మేము అదే ఆరాధనను, అదే పాటలతో మళ్లీ జరుపుతాము, కేకులో వారి వాటా కూడా దాచి ఉంచుతాము. తేదీని ఇంత కచ్చితంగా పట్టుకోవలసిన పని లేదని నాకు ఇక్కడే అర్థమైంది.

కానీ క్యారల్స్ తగ్గించే ముందు ఒక్క విషయం ఆలోచించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. మా అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. నేనూ తమ్ముడూ ఇద్దరమూ గల్ఫ్‌లోనే ఉన్నాము. సంవత్సరం పొడవునా మా ఇంటికి పాలవాడు, ఆశా కార్యకర్త తప్ప పెద్దగా ఎవరూ రారు. డిసెంబరులో ఒక రాత్రి ముప్పై మంది వచ్చి వాకిట్లో నిలబడి పాడతారు, ఎవరో ఒకరు ఫోనులో నాకు చూపిస్తారు. ఆ రాత్రి కోసం అమ్మ అరిసెలు చేసి డబ్బాలో పెడుతుంది. నేను పంపిన డబ్బులోంచి కొత్త నోటు తీసి కవరులో పెడుతుంది. కోతకు వెళ్లి వచ్చిన తల్లికి నిద్ర ఎంత అవసరమో, మా అమ్మ లాంటివారికి ఆ రాత్రి అంత అవసరం. మీ పల్లెలో కూడా పిల్లలు విదేశాలలో ఉన్న ఇళ్లు ఉంటాయి. కాబట్టి ఇళ్లన్నింటినీ ఒకే గాటన కట్టకండి. కోతలకు వెళ్లేవారి ఇళ్లకు ముందు, సాయంత్రం ఏడులోపే వెళ్లండి. మా అమ్మ వంటివారు పదింటి దాకా మేలుకుని ఎదురుచూస్తారు, వారికి అభ్యంతరం ఉండదు.

మీరు రాసిన ఆ తల్లి కానుక సంగతి గురించి: మర్నాడు ఉదయమే మీలో ఒకరు వెళ్లి ఆ కవరు తీసుకుని ఉంటే బాగుండేది. ఇవ్వకుండా ఆపడం కూడా ఆమెను చిన్నబుచ్చడమే.

జవాబు 4: ఒక గ్రామ పాస్టరు, బాపట్ల జిల్లా

కార్యదర్శి గారూ, మీకు దగ్గరలోనే ఉన్నాను కనుక మీ ఇబ్బంది నాకు కొత్త కాదు. డబ్బు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ముందు అది చెబుతాను. ప్రేమ విందును క్యారల్స్ కానుకలకు ముడిపెట్టినంత కాలం క్యారల్స్ వసూలుగానే ఉంటాయి. ఎక్కువ ఇళ్లు తిరగాలి, కవరు ఇచ్చే ఇంటిని వదలకూడదు, ఆలస్యమైనా ఆగకూడదు. మా సంఘంలో ఆ ముడి విప్పడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు విందు బియ్యం కోత పండుగ నుంచి వస్తోంది. స్త్రీల సమాజం వారు ఏడాది పొడవునా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేస్తారు, నెలకొకసారి మందిరానికి తెస్తారు. ఆ బియ్యం కొంత అమ్మగా వచ్చిన సొమ్ము కూరలకు, నూనెకు సరిపోతుంది. మాంసం ఖర్చు మాత్రం ఉద్యోగస్థులు నలుగురైదుగురు పంచుకుంటారు. ఒక సంవత్సరం పంచుకోలేదు. పప్పు, గుమ్మడికాయ పులుసుతో విందు జరిగింది. కొంతమంది మొహాలు ముడుచుకున్నారు గానీ ఎవరూ లేచి వెళ్లలేదు.

ఇక కోతల గురించి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారాంతానికే మా సంఘం సెమీ క్రిస్మస్ పెట్టుకున్నాము. అద్దెకు తెచ్చిన కుర్చీలు, పందిరి మీద కప్పే బరకాలు మందిరం వరండాలో ఉన్నాయి. కోసి పరిచిన పనలు నీళ్లలో తేలుతున్నాయి, కళ్లాల్లో ఉన్న ధాన్యం అడుగు నుంచి తడిసింది. ఆ ఉదయం ఒక కౌలు రైతు వచ్చి, సిగ్గుపడుతూ, పందిరి బరకాలు రెండు రోజులు ఇస్తారా అని అడిగాడు. ఇవ్వకుండా ఎలా ఉంటాము? ఒకరికి ఇచ్చాక పదిమంది వచ్చారు. బరకాలు చాలక చివరికి మందిరంలో చాపలు ఎత్తేసి, గచ్చు మీద ధాన్యం పోసి, ఫ్యాన్లు తిప్పాము. మన సంఘం వారిది, కానివారిది అని చూడలేదు. మూడు రోజులు మందిరమంతా తడి ధాన్యం వాసన. ఆదివారం ఆరాధనకు గోడ వారగా నిలబడ్డాము, మధ్యలో ధాన్యం. సెమీ క్రిస్మస్ జరగలేదు. అది ఎందుకు జరగలేదని ఈనాటి వరకు నన్ను అడిగినవారు లేరు. అప్పటి నుంచి మా సంఘంలో సెమీ క్రిస్మస్ ఒక్కటే, అదీ 21లోపు వచ్చే చివరి ఆదివారం ఆరాధనతో కలిపి, పగటిపూట.

ఆ సంవత్సరం నేను సిద్ధం చేసుకున్న సందేశం యేసు పుట్టిన వేళ సత్రంలో చోటు దొరకకపోవడం గురించి. ఆ ధాన్యం రాశి పక్కన నిలబడి దాన్ని చెప్పడం నాకే ఎబ్బెట్టుగా తోచి, క్లుప్తంగా ముగించాను.

మరొక చిన్న సూచన. 25వ తేదీ ఆరాధనను మేము ఉదయం 5 గంటలకు పెట్టాము. మిషను వంతు వచ్చినవారు ఎనిమిదికల్లా చేనికి వెళ్లగలరు. పండుగ నాడు పని ఏమిటని కోప్పడే పెద్దలు ఉంటారు, కానీ మిషను యజమాని మన క్యాలెండరు చూసి వంతు వేయడు కదా.

జవాబు 5: పొరుగింటి విద్యార్థి

నేను క్రైస్తవుడిని కాను, కానీ మా వీధిలో సగం ఇళ్లు సంఘం వారివే కాబట్టి ఒక మాట రాయవచ్చనుకుంటున్నాను. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, అర్ధరాత్రి క్యారల్స్ మైకు, మధ్యలో నా ఇంజనీరింగ్ సెమిస్టరు పరీక్షలు. గుడి కమిటీకి చెబితే వారు క్యారల్స్ వారిని చూపిస్తారు, క్యారల్స్ వారికి చెబితే వారు గుడిని చూపిస్తారు. పోయిన సంవత్సరం మా నాన్నగారు, సంఘ పెద్ద గారు టీ కొట్టు దగ్గర కూర్చుని, ఇటువారు పదింటికి ఆపాలనీ అటువారు ఆరింటికి ముందు పెట్టకూడదనీ అనుకున్నారు. నాలుగు రోజులు నిలిచింది, ఐదో రోజు మామూలే.

ఇదంతా ఫిర్యాదుగా తీసుకోకండి. క్రిస్మస్ నాటి పలావు మా ఇంటికి రాకపోతే మా అమ్మే ముందు అడుగుతుంది. మా ముగ్గు మీద పడే పక్కింటి నక్షత్రం ఎర్ర వెలుగు నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. బాక్సులు లేకుండా రమ్మని ఉపాధ్యాయులు గారు చెప్పిన మాటకు మాత్రం నా ఓటు.

డెల్టా కార్యదర్శి, నవంబరు 17

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న కమిటీ కూర్చుంది, రెండున్నర గంటలు పట్టింది. మీ జవాబులలో కొన్నింటిని ఫోనులోంచి చదివి వినిపించాను. మందిరంలో ధాన్యం పోసిన సంగతి చదివినప్పుడు మా కౌలు రైతులు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తుపానులో వారూ నష్టపోయినవారే.

క్యారల్స్ ఈసారి సౌండు బాక్సులు లేకుండా, డప్పు, తాళాలతో, సాయంత్రం ఆరున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తాయి. యవనస్థులు తేలిగ్గా ఒప్పుకోలేదు. బాక్సులు లేకపోతే పాట ఎవరికి వినబడుతుందని వాదించారు. చివరికి 23వ తేదీ ఒక్క రాత్రి ఊరి మధ్య కూడలిలో, పది గంటల లోపు, పోలీసుల అనుమతితో మైకు పెట్టుకోవడానికి రాజీ కుదిరింది. కువైట్ సహోదరి గారి సలహా ప్రకారం ఇళ్ల వరుస మార్చాము. కోతలకు వెళ్లేవారి వీధులు ముందు, పిల్లలు దూరాన ఉన్న పెద్దవారి ఇళ్లు చివర. అలాంటి ఇళ్లు లెక్కపెడితే పద్దెనిమిది తేలాయి; అన్ని ఉన్నాయని నేను అనుకోలేదు.

సెమీ క్రిస్మస్‌ల దగ్గర పూర్తిగా గెలవలేదు. సండే స్కూలు వారు, యవనస్థులు తమవి సంఘం సెమీ క్రిస్మస్‌తో కలిపి 21వ తేదీ ఆదివారం పగలు జరుపుకోవడానికి ఒప్పుకున్నారు. స్త్రీల సమాజం వారు మాత్రం ససేమిరా అన్నారు. అధ్యక్షురాలు గారు చెప్పిన కారణం న్యాయంగానే ఉంది: సంవత్సరమంతా వంట పని, పొలం పని చేసే ఆడవాళ్లు తమ కోసం తాము కూర్చునే సాయంత్రం అదొక్కటే, దాన్నే ఎందుకు తీసేస్తారని ఆమె అడిగారు. కలిపిన కూడికలో వండేది మళ్లీ తామేనని కూడా అన్నారు. వారిది జనవరి 3, శనివారానికి జరిగింది. ఆ రోజు వంట మగవారు చేయాలన్న షరతు మీదే వారు ఒప్పుకున్నారు.

డబ్బు ఇంకా తేలలేదు. పిడికెడు బియ్యం ఈ నెలలో మొదలుపెట్టినా వచ్చే సంవత్సరానికి గానీ అందదు. కమిటీలో ఆరుగురు తలా కొంత వేసుకున్నాక కూడా విందుకు పదమూడు వేలు తక్కువ పడుతోంది. గుమ్మడికాయ పులుసు ప్రస్తావన తెచ్చాను. నవ్వారు, నవ్వులో ఊపు మాత్రం లేదు.

మీటింగు ముగిశాక పడమటి వీధికి వెళ్లి ఆ తల్లిని కలిశాను. పోయిన సంవత్సరపు కవరు ఇంకా ఉందా అని అడిగితే, అది అప్పుడే ఖర్చయిపోయిందని, ఈసారి ఎన్నింటికి వస్తారో ముందే చెబితే టీ పెట్టి ఉంచుతానని అంది. ఏడింటికి అని చెప్పాను. నక్షత్రం కోసం వెదురు బద్దలు చీల్చడం నిన్న సాయంత్రమే మొదలైంది. రంగు కాగితం, బల్బు హోల్డరు తెనాలి నుంచి తేవాలి.